పని వ్యానుకు ట్రైలర్ తగిలిస్తున్నారా? బ్రిటన్‌లో బరువు లెక్క మొదటి నుంచి చివరి దాకా

వ్యాను దాని హద్దులోనే ఉంటుంది. ట్రైలరూ దాని హద్దులోనే ఉంటుంది. అయినా రెండింటినీ కలిపి కాటా ఎక్కిస్తే బరువు చట్టం దాటిపోయి ఉంటుంది. 3.5 టన్నుల వ్యానుతో డిగ్గర్లు, ఇసుక, మట్టి, పనిముట్లు లాగే బిల్డర్లూ ల్యాండ్‌స్కేపర్లూ తెలియక చిక్కుకునే చోటు ఇదే.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే, బరువు అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు సంగతులు చెప్పుకుంటాం. ఒకటి ప్లేటు బరువు: ఆ బండి గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో తయారీదారు చెక్కి ఇచ్చిన అంకె. రెండోది కాటా బరువు: ఈ క్షణంలో బండి నిజంగా తూగే అంకె. డ్రైవింగ్ లైసెన్స్, టాకోగ్రాఫ్ (డ్రైవింగ్ గంటలు నమోదు చేసే పరికరం), ఆపరేటర్ లైసెన్స్ (వ్యాపారంగా సరుకు బండ్లు నడపడానికి తీసుకునే అనుమతి) ఈ మూడూ ప్లేటు బరువునే చూస్తాయి, ట్రైలర్ ఖాళీగా ఉన్నా సరే. రోడ్డు మీద ఆపి ఓవర్‌లోడ్ చూసేవాళ్లకు మాత్రం కాటా బరువే లెక్క. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ముందు ఏ బరువు గురించి మాట్లాడుతున్నామో చూసుకోండి.

ఇక్కడ చెప్పేవి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ నియమాలు. ఉత్తర ఐర్లండ్‌లో ట్రైలర్ లైసెన్స్ నియమాలు వేరు.

1. వ్యాను ప్లేటు చదవండి

డ్రైవర్ తలుపు తీస్తే ద్వారం పక్క స్తంభం మీదో, బానెట్ కిందో, కొన్ని వ్యాన్లలో సీటు అడుగునో ఒక చిన్న ప్లేటు గానీ స్టిక్కర్ గానీ ఉంటుంది. దాని మీద చాసీ నంబరు, దాని కింద వరసగా నాలుగు అంకెలు. ఉదాహరణకు ఇలా అనుకోండి:

3500 కేజీ
5500 కేజీ
1 – 1850 కేజీ
2 – 2250 కేజీ

మొదటిది వ్యాను మొత్తం బరువుకు హద్దు. మనుషులు, డీజిల్, లోపలి సామాను, టోబార్ (వ్యాను వెనక ట్రైలర్ తగిలించే కడ్డీ) మీద ట్రైలర్ ముక్కు మోపే బరువు అన్నీ ఇందులోకే వస్తాయి. రెండోది గ్రాస్ ట్రెయిన్ వెయిట్, అంటే వ్యానూ ట్రైలరూ కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు. మూడోది ముందు యాక్సిల్ (ఇరుసు) హద్దు, నాలుగోది వెనక యాక్సిల్ హద్దు.

రెండు యాక్సిళ్లూ కూడితే 4100 వస్తుంది, మొత్తం హద్దు మాత్రం 3500. ఇది అచ్చు తప్పు కాదు. సామాను ముందుకో వెనక్కో జరిగినా యాక్సిల్ తట్టుకోవాలని ఆ వెసులుబాటు ఇస్తారు. మూడు హద్దుల్లో ఏది దాటినా నేరమే. మొత్తం బరువు సరిగ్గా ఉండి వెనక యాక్సిల్ ఒక్కటే దాటినా జరిమానా పడుతుంది.

రెండో అంకె ఉండాల్సిన చోట గీత గానీ సున్నా గానీ ఉంటే ఆ వ్యానుతో ట్రైలర్ లాగకూడదు. ఎలక్ట్రిక్ వ్యాను కొనేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. బయటికి డీజిల్ మోడల్‌లాగే కనిపిస్తుంది గానీ లాగే సామర్థ్యం చాలా తక్కువ ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. అలాగే ఒకే పేరుతో అమ్మే వ్యాన్లలోనే ఇంజిన్‌ని బట్టి, ముందు చక్రాల డ్రైవా వెనక చక్రాల డ్రైవా అన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. పక్కవాడి వ్యాను ఇంత లాగుతోంది కదా అని మన వ్యానుకు అదే వర్తించదు.

2. మిగతా హద్దులన్నీ తీసి, అన్నిటికంటే చిన్నదాన్ని పట్టుకోండి

వ్యాను రిజిస్ట్రేషన్ పత్రం వీ5సీలో ఓ.1 అనే గడిలో బ్రేకులున్న ట్రైలర్ హద్దు, ఓ.2లో బ్రేకులు లేని ట్రైలర్ హద్దు ఉంటాయి. కొన్ని పత్రాల్లో ఈ గడులు ఖాళీగా ఉంటాయి. అప్పుడు ప్లేటు, హ్యాండ్‌బుక్ చూడాలి. హ్యాండ్‌బుక్‌లో ట్రైలర్‌కి విడిగా హద్దు ఇస్తారు. ప్లేటు మీద రెండో అంకెలోంచి మొదటి అంకె తీసేస్తే వచ్చేదానికంటే అది తక్కువ ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చు.

తరవాత టోబార్. దాని మీద కూడా ప్లేటు ఉంటుంది. అందులో చూడాల్సినవి రెండు: ఎస్ విలువ, డి విలువ. ఎస్ అంటే బాల్ (టోబార్ చివరి గుండు) మీద నిలువుగా మోపదగ్గ బరువు, కిలోల్లో. డి అంటే లాగుడు బలానికి టోబార్ తట్టుకునే హద్దు, కిలోన్యూటన్లలో. మీకు కావాల్సిన డి విలువ లెక్కేసే పద్ధతి ఇది: వ్యాను గరిష్ఠ బరువునూ ట్రైలర్ గరిష్ఠ బరువునూ టన్నుల్లో తీసుకుని గుణించండి, ఆ రెండింటి మొత్తంతో భాగించండి, 9.81తో గుణించండి. 3.5 టన్నుల వ్యాను, 2.7 టన్నుల ట్రైలర్ అయితే 9.45ని 6.2తో భాగించి 9.81తో గుణిస్తే దాదాపు 15 వస్తుంది. టోబార్ ప్లేటు మీద అంతకంటే తక్కువ అంకె ఉంటే ఆ ట్రైలర్‌కి ఆ టోబార్ చాలదు. సెకండ్ హ్యాండ్ వ్యాను కొన్నప్పుడు ఇది తప్పక చూడాలి. ఎవరో చవకగా బిగించిన టోబార్ వ్యాను సామర్థ్యానికి తగ్గట్టు ఉంటుందన్న నమ్మకం లేదు.

ట్రైలర్ ప్లేటు సాధారణంగా డ్రాబార్ (ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చే కడ్డీ) మీద ఉంటుంది. అందులో మొత్తం హద్దుతోపాటు ఒక్కో యాక్సిల్ హద్దూ ఉంటుంది. అది చూశాక వంగి టైర్లు కూడా చూడండి. టైరు గోడ మీద లోడ్ ఇండెక్స్ ఉంటుంది: 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900, 112 అంటే 1120. రెండు యాక్సిళ్ల ట్రైలర్‌కి 104 టైర్లు నాలుగుంటే 3600 కిలోలు మోస్తాయి. ఎవరైనా ఒక్క టైరు మార్చేటప్పుడు తక్కువ ఇండెక్స్‌ది వేసి ఉంటే ట్రైలర్ మొత్తం ఆ టైరు స్థాయికి దిగిపోతుంది.

బ్రేకుల నియమం సూటిగా ఉంటుంది. లోడుతో 750 కిలోలు దాటే ట్రైలర్‌కి పనిచేసే బ్రేకులు ఉండి తీరాలి. బ్రేకులు లేని ట్రైలర్ 750 లోపే ఉండాలి, అంతేకాదు, లాగే బండి కర్బ్ వెయిట్‌లో (సామాను లేకుండా, నడపడానికి సిద్ధంగా ఉన్న బండి బరువు) సగం దాటకూడదు. కర్బ్ వెయిట్ 1400 ఉన్న చిన్న వ్యానుకు హద్దు 700 మాత్రమే. ట్రైలర్ వెడల్పు 2.55 మీటర్లు, పొడవు డ్రాబార్ కాకుండా 7 మీటర్లు దాటకూడదు.

3. వ్యానును కాటా ఎక్కించండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే, నిజానికి ఇది లేకుండా మిగతా లెక్కలన్నీ ఊహలే. బ్రోచర్‌లో రాసిన ఖాళీ వ్యాను బరువు మీ వ్యానుది కాదు. ప్లైవుడ్ లైనింగ్, లోపలి అరలు, రూఫ్ ర్యాక్, టోబార్, మూలన పడి ఉన్న ఫిక్సింగుల డబ్బాలు అన్నీ కలిపి 300 కిలోలు చేరడం పెద్ద విషయం కాదు.

ఊళ్లో పబ్లిక్ వేబ్రిడ్జి ఎక్కడుందో కౌన్సిల్ చెబుతుంది, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనూ జాబితా ఉంటుంది. రోజూ పనికి వెళ్లేటప్పుడు వ్యాను ఎలా ఉంటుందో అలాగే తీసుకెళ్లండి: ట్యాంకు నిండా డీజిల్, అన్ని పనిముట్లు, పక్కన కూర్చునే మనిషి. మూడు తూకాలు వేయించండి. మొత్తం వ్యాను ఒకటి, ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉంచి ఒకటి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకటి. ముందువీ వెనకవీ కూడితే మొత్తానికి దగ్గరగా రావాలి. తేడా ఎక్కువ వస్తే బండి వాలులో ఉందని అర్థం, మళ్లీ వేయించండి. తరవాత ఖాళీ ట్రైలర్‌ని తగిలించి దాని బరువూ తెలుసుకోండి.

పైన చెప్పిన ప్లేటు ఉన్న వ్యాను కాటా మీద 3120 తూగిందనుకుందాం: ముందు 1420, వెనక 1700. హద్దు 3500 కాబట్టి ఇంకా 380 మిగులుంది. బాగానే ఉంది.

4. ట్రైలర్‌లో ఎంత పెట్టొచ్చో లెక్కేయండి

రెండూ కలిపి హద్దు 5500. వ్యాను 3120 తీసుకుంది. ట్రైలర్‌కి మిగిలింది 2380. ట్రైలర్ ప్లేటు మీద 2700 అని ఉన్నా మీరు వాడుకోగలిగేది 2380 మాత్రమే.

ఆ ట్రైలర్ ఖాళీ బరువు 640. దాని మీద 1600 కిలోల మినీ డిగ్గర్, మూడు బకెట్లు కలిపి 120. మొత్తం 2360. ఇంకా 20 కిలోలు మిగులు, అంటే ఒక్క డీజిల్ క్యాన్‌కి సరిపోయేంత. ఇప్పుడు సైటులో కాంక్రీటు పగలగొట్టాలని 110 కిలోల బ్రేకర్ కూడా ఎక్కించారు. ట్రైలర్ 2470 అయింది, ఇంకా దాని 2700 లోపే. వ్యాను 3120, దాని 3500 లోపే. రెండూ కలిపితే 5590. హద్దుకి 90 కిలోలు ఎక్కువ.

ట్రైలర్‌లోంచి తీసి వ్యానులో పెట్టినా ఆ 90 కిలోలు పోవు, ఎందుకంటే ఇక్కడ దాటింది మొత్తం. బ్రేకర్ రెండో ట్రిప్పులో వెళ్లాలి, లేదా వ్యానులో ఆరోజు అక్కర్లేని సామాను ఇంట్లో దింపాలి.

కంటితో అంచనా వేసేవాళ్లకు కొన్ని బరువులు. ఇసుక బల్క్ బ్యాగ్ 800 నుంచి 850 కిలోలు. సిమెంట్ బస్తా 25. 600 మిల్లీమీటర్ల చదరం, 50 మందం ఉన్న కాంక్రీట్ పేవింగ్ స్లాబ్ ఒక్కటి 40 దాకా. 12.5 మిల్లీమీటర్ల మామూలు ప్లాస్టర్‌బోర్డ్ పెద్ద షీటు 23 చుట్టుపక్కల. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే తొట్టితో కలిపి 1060 దాకా. మట్టి అన్నిటికంటే మోసం చేస్తుంది. 8 అడుగులకు 5 అడుగుల టిప్పర్ ట్రైలర్‌లో పక్క బోర్డులు 300 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే దాదాపు 1.1 క్యూబిక్ మీటర్లు పడుతుంది. పొడి మట్టితో నింపితే హద్దులోనే ఉండే ట్రైలర్, వాన పడ్డ మర్నాడు అదే ఎత్తుకు నింపితే టన్నున్నరకు పైన లోడుతో కదులుతుంది. చూడ్డానికి రెండు రోజులూ ఒకలాగే ఉంటుంది.

నీళ్ల ట్యాంకు గురించి ఒక మాట: లోపల అడ్డపలకలు లేని ట్యాంకును సగం నింపి లాగకండి. బ్రేకు వేసినప్పుడు నీళ్లు ముందుకు, వదిలినప్పుడు వెనక్కి పోయి ముక్కు బరువును క్షణక్షణం మార్చేస్తాయి.

5. ముక్కు బరువు, వెనక యాక్సిల్

ట్రైలర్ డ్రాబార్ బాల్ మీద కిందికి మోపే బరువే ముక్కు బరువు. లోడు చేసిన ట్రైలర్ బరువులో 5 నుంచి 7 శాతం దాకా ఉంటే బండి నిలకడగా వస్తుంది, కాకపోతే టోబార్ ఎస్ విలువనూ ట్రైలర్ కప్లింగ్ (బాల్‌ను పట్టుకునే కొక్కెం) హద్దునూ ఎప్పుడూ దాటకూడదు. మన 2360 కిలోల ట్రైలర్‌కి 5 శాతం అంటేనే దాదాపు 120 వస్తుంది. టోబార్ ఎస్ విలువ 100 అయితే 100 దగ్గరే ఆగాలి.

కొలిచే పద్ధతి: ట్రైలర్‌ని చదును నేల మీద, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, కప్లింగ్ వ్యాను బాల్ ఎత్తులో ఉండేలా నిలబెట్టండి. నోస్‌వెయిట్ గేజ్ కప్లింగ్ కింద పెట్టి జాకీ వీల్ (ట్రైలర్ ముక్కును ఎత్తి దించే చిన్న చక్రం) మెల్లగా ఎత్తేయండి. అంకె ఎక్కువైతే డిగ్గర్‌ను కొంచెం వెనక్కి, తక్కువైతే ముందుకి జరపండి. సరైన చోటు దొరికాక ట్రైలర్ నేల మీద పెయింటుతో గీత గీసి పెట్టుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు.

ఇక వెనక యాక్సిల్. బాల్ మీద 100 కిలోలు పడితే వెనక యాక్సిల్ మీద పెరిగేది 100 కాదు. వ్యాను వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ల మధ్య దూరం) 3.3 మీటర్లు, వెనక యాక్సిల్ నుంచి బాల్ 1.2 మీటర్లు వెనకగా ఉందనుకోండి. రెండూ కూడితే 4.5, దాన్ని 3.3తో భాగించి 100తో గుణిస్తే 136. వెనక యాక్సిల్ మీద 136 పెరుగుతుంది, ముందు యాక్సిల్ మీద 36 తగ్గుతుంది. తక్కెడలా పనిచేస్తుందన్నమాట. మన ఉదాహరణలో వెనక 1836, ముందు 1384, వ్యాను మొత్తం 3220 అవుతాయి, అన్నీ హద్దులోనే. అదే వ్యానులో వెనక తలుపుల దగ్గర అరలూ సిమెంట్ బస్తాలూ పేర్చి ముందే 2150 ఉంటే, ట్రైలర్ తగిలించిన క్షణంలో 2250 దాటేది. ముందు చక్రాలతో నడిచే వ్యానులో ముందు బరువు తగ్గిపోతే తడి వాలులో చక్రాలు ఊరికే తిరుగుతాయి, స్టీరింగ్ తేలికైపోతుంది.

ముక్కు బరువు మరీ తక్కువైతే ఇంకా ప్రమాదం. లోడు ట్రైలర్ వెనక భాగంలో ఉంటే అది వ్యాను తోకను పైకెత్తుతుంది, వాలు దిగేటప్పుడో లారీ దాటినప్పుడో అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోవాలి. గట్టిగా బ్రేకు వేయకండి, స్టీరింగ్ తిప్పి ఊపును సరిదిద్దే ప్రయత్నమూ చేయకండి.

6. లైసెన్సులు: ఈ మెట్టులో ప్లేటు బరువులే

2021 డిసెంబర్ 16 నుంచి మామూలు కేటగిరీ బి (కారు) లైసెన్స్ ఉన్నవాళ్లు 3500 కిలోల దాకా ప్లేటు ఉన్న ట్రైలర్‌ని లాగొచ్చు, విడిగా ట్రైలర్ పరీక్ష అక్కర్లేదు. 1997 జనవరి 1కి ముందు పరీక్ష పాసైనవాళ్లకు సాధారణంగా వ్యానూ ట్రైలరూ కలిపి 8250 దాకా ఉంటుంది. పరీక్ష తీసేశారు గానీ బరువు హద్దులేవీ పెరగలేదు. మీ లైసెన్స్ 3500 ట్రైలర్‌ని ఒప్పుకున్నా మీ వ్యాను ప్లేటు ఒప్పుకోకపోతే లాభం లేదు.

టాకోగ్రాఫ్ విషయంలో వ్యాను ప్లేటునూ ట్రైలర్ ప్లేటునూ కూడండి. మన ఉదాహరణలో 3500, 2700 కలిపి 6200. పని కోసం సరుకు మోసే బండి 3500 దాటితే టాకోగ్రాఫ్, దానితోపాటు నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కి 45 నిమిషాల విరామం లాంటి గంటల నియమాలు వర్తిస్తాయి. మినహాయింపు ఒకటుంది: కలిపి 7.5 టన్నులు దాటకూడదు, మోసేవి డ్రైవరు తన పనిలో తానే వాడుకునే సామాను, యంత్రాలు కావాలి, సంస్థ ఉన్న చోటి నుంచి 100 కిలోమీటర్ల పరిధిలోనే తిరగాలి, డ్రైవింగ్ అతని ముఖ్యమైన పని కాకూడదు. నాలుగూ కలిసి ఉండాలి. తన డిగ్గర్‌ను తానే తీసుకెళ్లి తవ్వే గ్రౌండ్‌వర్కర్‌కి ఇది వర్తిస్తుంది. అద్దె డిగ్గర్లను సైట్లకు చేరవేయడమే ఉద్యోగంగా ఉన్న డ్రైవర్‌కి అదే వ్యాను, అదే ట్రైలర్ అయినా వర్తించదు. మినహాయింపు ఉన్నా దేశీయ గంటల నియమాలు ఉంటాయి: రోజుకు డ్రైవింగ్ 10 గంటలు దాటకూడదు.

ఆపరేటర్ లైసెన్స్‌కి కూడా వ్యాపారంలో కలిపి 3500 దాటితే అన్నదే సూత్రం, కాకపోతే ట్రైలర్ ఖాళీ బరువు 1020 కిలోలు దాటకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోరు. మన 640 కిలోల ట్రైలర్‌తో వ్యాను 3500 ఒక్కటే మిగులుతుంది కాబట్టి అక్కర్లేదు. ఖాళీగానే 1100 తూగే ట్రైలర్ అయితే కావాలి. ఈ 1020 వెసులుబాటు టాకోగ్రాఫ్‌కీ ఉందని చాలామంది అనుకుంటారు. లేదు, అది ఆపరేటర్ లైసెన్స్‌కి మాత్రమే.

చిన్న వ్యానుతో తేలికైన లోడు లాగేవాళ్లకు ఒక దారుంది. వ్యాను ప్లేటు 2000 అయితే ట్రైలర్ ప్లేటును తయారీదారు చేతే 1500కి తగ్గించి వేయించుకుంటే మొత్తం 3500 దాటదు, టాకోగ్రాఫ్ గొడవే ఉండదు. అయితే ఆ తరవాత కాటా మీద ట్రైలర్ 1500 దాటకూడదు.

యూరప్‌లోకి కిరాయి సరుకు తీసుకెళ్లేవాళ్లకు 2022 మే 21 నుంచి ఆపరేటర్ లైసెన్స్ హద్దు 3500 కాదు, 2500. పైగా వ్యాపారానికి వాడే ట్రైలర్ ప్లేటు 750 దాటితే యూరప్‌లోని చాలా దేశాలకు వెళ్లే ముందు డీవీఎల్‌ఏ (బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్సుల సంస్థ) దగ్గర రిజిస్టర్ చేయించాలి.

7. తగిలించడం, కదలడం

బాల్ మీద కప్లింగ్ కూర్చున్నాక జాకీ వీల్‌తో ఒకసారి పైకెత్తి చూడండి. వ్యాను వెనక భాగం కూడా లేస్తే పట్టుకున్నట్టు, కప్లింగ్ ఒక్కటే లేస్తే పట్టుకోనట్టు. బ్రేకవే కేబుల్‌ను (ట్రైలర్ ఊడితే దాని బ్రేకు వేసే తీగ) టోబార్ మీదున్న కన్నానికి తగిలించండి. ఊరికే బాల్ మెడకు చుట్టేస్తే కప్లింగ్ ఊడిన వేళ కేబుల్ కూడా దాంతోపాటే జారిపోయి బ్రేకు పడకపోవచ్చు. కేబుల్ మలుపుల్లో లాగబడకుండా వదులుగా ఉండాలి, నేలకు రాసుకోకూడదు.

వ్యాను నంబర్ ప్లేటు ట్రైలర్ వెనక ఉండాలి, పసుపు రంగులో. ఎర్ర త్రికోణపు రిఫ్లెక్టర్లు రెండు, లైట్లు, ఇండికేటర్లు చూసుకోండి. వేగం: సింగిల్ క్యారేజ్‌వే (మధ్యలో విభజన లేని రోడ్డు) మీద గంటకు 50 మైళ్లు, డ్యూయల్ క్యారేజ్‌వే (విభజన ఉన్న రోడ్డు), మోటార్‌వే మీద 60. మూడు లేదా ఎక్కువ లేన్లున్న మోటార్‌వేలో కుడివైపు చివరి లేన్ ఎక్కకూడదు.

పది మైళ్లు పోయాక ఆపి చెయ్యి వెనక భాగాన్ని ఒక్కో హబ్ దగ్గర పెట్టి చూడండి. నాలుగూ ఒకే వెచ్చదనంలో ఉండాలి. ఒకటి మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగ్ పోతోంది. అక్కడి నుంచి లాగకండి.

8. ఆపితే ఏమవుతుంది

డీవీఎస్‌ఏ (బండ్ల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) అధికారులు గానీ పోలీసులు గానీ కాటా దగ్గరికి తీసుకెళ్తారు. హద్దును 10 శాతం లోపు దాటితే 100 పౌండ్లు, 10 నుంచి 15 శాతం లోపు 200, ఆపైన 300 అక్కడికక్కడే జరిమానా. మరీ ఎక్కువైతే కోర్టుకు వెళుతుంది. మొత్తం బరువు ఒక నేరం, యాక్సిల్ మరో నేరం, రెండూ దాటితే రెండూ పడొచ్చు. ప్రొహిబిషన్ నోటీసు ఇస్తే లోడు తగ్గేదాకా బండి కదలకూడదు. డిగ్గర్‌ను రోడ్డు పక్కన దించలేరు కాబట్టి ఇంకో బండి పిలిపించాలి. డ్రైవర్ ఒక్కడిదే కాదు, బండి పంపిన యజమానిదీ బాధ్యతే.

1988 రోడ్ ట్రాఫిక్ చట్టంలో ఒక రక్షణ ఉంది. లోడు చేసిన చోటి నుంచి దగ్గరలోని వేబ్రిడ్జికి వెళుతుంటే, లేదా కాటాలో ఎక్కువ తేలాక లోడు తగ్గించడానికి దగ్గరలోని వీలైన చోటికి వెళుతుంటే అది వర్తిస్తుంది. లోడు చేసినప్పుడు హద్దులో ఉండి, తరవాత ఎవరూ ఏమీ చేర్చకుండా 5 శాతం లోపు పెరిగితే, ఉదాహరణకు వానకు మట్టి తడిస్తే, దానికీ వర్తిస్తుంది. లోడు చేసినప్పుడు హద్దులోనే ఉందని చూపించాల్సింది మాత్రం మీరే. అందుకే కాటా చీటీలు పారేయకుండా తేదీ, సమయం కనిపించేలా వ్యానులోనే ఉంచుకోండి, ఖాళీ వ్యాను చీటీ ఒకటి, ఖాళీ ట్రైలర్‌ది ఒకటి, ఆరోజు లోడుది ఒకటి.